హెచ్‌ఐవీ బాధితులకు సేవ: మిషన్ క్లినిక్ మేలా, ఏఆర్‌టీ కేంద్రం మేలా?

ఉద్యోగ విరమణ తర్వాత వారానికో రోజు హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు కేటాయించాలనుకున్నాను. కర్నూలు శివారులో క్రైస్తవ సిస్టర్లు నడిపే ఒక చిన్న క్లినిక్‌లో రెండేళ్లు పనిచేశాను. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు ఇచ్చే కేంద్రానికి వచ్చేవాళ్లకు తోడు వెళుతున్నాను. ఏది మేలని ఈమధ్య ఇద్దరు మిత్రులు అడిగారు.

క్లినిక్‌లో నాకు అప్పగించిన మొదటి పని దూది తుంచడం. ఏఆర్‌టీ మాత్రలు ప్రభుత్వమే 2004 నుంచి ఉచితంగా ఇస్తోంది. రోజుకొకటి చొప్పున నెలకు ముప్పై మాత్రలు ప్లాస్టిక్ సీసాలో వస్తాయి. బస్సు కుదుపులకు సీసా గలగలమంటే పక్క సీటులోని బంధువు అదేమిటని అడుగుతారు. అందుకని ఆడవాళ్లు సీసా మీది కాగితం గీకేసి, లోపల దూది కుక్కించుకుని వెళ్లేవారు. ఇలాంటి అవసరం ఏ రిజిస్టరులోనూ ఉండదు. కూర్చోబెట్టి మాట్లాడే తీరిక ఉన్నచోటే అది బయటికొస్తుంది. క్లినిక్ గొప్పతనమంతా ఆ తీరికలోనే ఉంది.

చిక్కు కూడా అక్కడే ఉంది. గుడ్లు, వేరుసెనగ చిక్కీలు ప్రార్థన అయ్యాకే పంచేవారు. ప్రార్థనకు రమ్మని ఎవరినీ బలవంతపెట్టలేదు, నిజమే. అయినా తెల్లటోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన ప్రతిసారీ వేపచెట్టు కింద నిలబడి, పాట ఆగాక వరుసలో చివరన చేరేవాడు. ఆ మాట చెబితే సిస్టరమ్మ నొచ్చుకున్నారు. కానీ మరుసటి వారం నుంచి గుడ్లు ముందే పంచారు. ఆ తర్వాత కూడా చాలామంది ప్రార్థనకు ఉండిపోయారు. పెద్దాయన మాత్రం తన వంతు తీసుకుని ఎండ ముదరకముందే ఇంటికి వెళ్లగలిగాడు. మీరు ఇలాంటి చోట చేరితే ముందుగా ఈ వరుసక్రమం గమనించండి.

ఏఆర్‌టీ కేంద్రంలో ఇంత ఆప్యాయత ఆశించకండి. చీటీ, రక్తపరీక్ష, కౌన్సెలర్ గది, మందుల కిటికీ, పూట గడిచిపోతుంది. మనం చేసేదల్లా పక్కన కూర్చోవడం, ఆరు నెలలు మందులు వాడినవాళ్లకు వచ్చే పింఛను కాగితాలు సరిచూడటం. నెలకు 4000 రూపాయలంటే వాళ్లకు చిన్న మాట కాదు.

అయినా నా ఓటు దీనికే. కారణం సుగ్గి, అంటే కూలి కోసం వలస పోవడం. కోసిగి, మంత్రాలయం వైపు పల్లెలు పంటలయ్యాక మిరప కోతలకు గుంటూరు దారి పడతాయి. మందులు ఆగేది అప్పుడే. ఆగితే రక్తంలో వైరస్ మళ్లీ పెరుగుతుంది, మందుకు లొంగకుండానూ పోవచ్చు. క్రమంగా వాడి వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గితే భార్యకో భర్తకో అది సోకదు కూడా. నిలకడగా ఉన్నవాళ్లకు ఒకటి కంటే ఎక్కువ నెలల మందులు ఒకేసారి ఇచ్చే వీలుంది, కానీ ప్రయాణం సంగతి ముందే చెప్పాలి. కూలి డబ్బుల ఆలోచనలో ఉన్నవాళ్లకు ఆ మాట నోటికి రాదు. పక్కనున్న మనమే గుర్తు చేయాలి.

నన్నడిగితే మొదటి ఆరు నెలలు క్లినిక్‌లో గడిపి మాట్లాడటం నేర్చుకోండి, తర్వాత ఇటు రండి. ఇంట్లో అన్నం ముందు కూర్చుని ఆసుపత్రి కబుర్లు చెప్పే అలవాటుంటే రెండూ వద్దు. ఒకరి హెచ్‌ఐవీ వివరం సమ్మతి లేకుండా బయటపెట్టకూడదని 2017 నాటి చట్టం చెబుతోంది. పల్లెలో ఆ మాట పొక్కితే చట్టం వచ్చేలోపే జరగాల్సింది జరిగిపోతుంది.

వచ్చే మంగళవారం ఇద్దరు వస్తున్నారు. బస్టాండులో వాళ్లు నన్ను పలకరించరు. నేను పది అడుగులు ముందు నడుస్తాను.