చెన్నై చర్చిల్లో అమ్మతో రెండు రోజులు

గుంటూరు లూథరన్ గుడిలో పుట్టి పెరిగిన మా అమ్మకి ఆరాధన అంటే ఒకటే పద్ధతి. చెప్పులు గుమ్మం బయట విడవాలి, కొంగు తలమీద కప్పుకోవాలి, కీర్తన తాళం వేసి పాడాలి. ఆమెని ఈసారి చెన్నై చర్చిలకి తీసుకెళ్లాను.

సెంట్రల్‌లో దిగి మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే ఎగ్మోర్. అక్కడ తీసుకున్న లాడ్జి మాత్రం బాగా ఇబ్బంది పెట్టింది. ఫోన్‌లో లిఫ్టు ఉందన్నారు, వెళ్లేసరికి పనిచేయట్లేదు. గది మూడో అంతస్తులో. అమ్మవి అసలే మోకాళ్ల నొప్పులు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు కింద గది ఇస్తేనే డబ్బు కట్టండి.

శనివారం శాంథోమ్ చర్చి చూశాం. ఇప్పుడున్న కట్టడం 1896 నాటిది. యేసు శిష్యుల్లో ఒకడు, అపొస్తలుడైన తోమా సమాధి ఇక్కడే అని నమ్ముతారు. కింద సమాధి దగ్గర చిన్న గది, చాలా నిశ్శబ్దం. కొవ్వొత్తులూ విగ్రహాలూ చూసి అమ్మ వెనకే నిలబడిపోయింది. ఒక తమిళ పెద్దావిడ పక్కకి జరిగి, బెంచీ మీద చేత్తో తట్టి రమ్మంది. అమ్మ వెళ్లి కూర్చుంది. ఇద్దరూ చాలాసేపు కళ్లు మూసుకునే ఉన్నారు.

ఎగ్మోర్‌లోనే ఉన్న సెయింట్ ఆండ్రూస్ కిర్క్ (1821) గుండ్రటి గుడి. లోపల నీలం గుమ్మటం నిండా బంగారు నక్షత్రాలు. పది నిమిషాలైనా కూర్చుని పైకి చూడాలి.

ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది సెయింట్ జార్జ్ కెథడ్రల్. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) మొదలైంది ఇక్కడే. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు అనే వేర్వేరు ప్రొటెస్టెంట్ శాఖలవాళ్లు అందులో ఒకటయ్యారు. దానికోసం 1919లో తరంగంబాడిలో మాటలు మొదలుపెట్టినవాళ్లలో మన దోర్నకల్ బిషప్ అజరయ్య ఒకరు. ఆ రోజు చూడకుండానే 1945లో కన్నుమూశారు. ఒకటైనా, ఏ సంఘానికి అలవాటైన ఆరాధన పద్ధతిని వాళ్ల దగ్గర్నుంచి లాక్కోలేదు. నాకు అందులో గొప్పగా అనిపించేది అదే. మా లూథరన్లు అందులో చేరలేదు.

ఆదివారం అక్కడ ఇంగ్లీషు ఆరాధనకి వెళ్లాం. రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు సంస్కారానికి అందరూ మోకరిస్తుంటే అమ్మ కంగారుపడింది. పాస్టరు అయ్యగారు ఏమీ అనకుండా, నిలబడే ఉన్న ఆమె చేతిలో రొట్టె పెట్టారు. ప్రభువు నేర్పిన ప్రార్థన అందరూ ఇంగ్లీషులో చెబుతుంటే ఆమె "పరలోకమందున్న మా తండ్రీ" అని మెల్లగా తెలుగులోనే చెప్పుకుంది.

మధ్యాహ్నం వేపేరి వైపు ఒక చిన్న తెలుగు సంఘానికి వెళ్లాం. మన భాష కదా, ప్రాణం లేచొస్తుందనుకున్నాను. తీరా చూస్తే గుంటూరులో ఏ కొత్త సంఘంలోనైనా వినిపించే అవే యూట్యూబ్ పాటలు, అదే కీబోర్డు, గోడ మీద అదే తెర. బిషప్పులు బలవంతం చేయని ఏకరూపం ఫోన్లు తెచ్చిపెడుతున్నాయని బాధేసింది. నాకు దీనిమీద నిజంగా బెంగగా ఉంది.

కానుకల వేళ వెనక బెంచీలో ఒక తాతగారు పాత కీర్తన ఎత్తుకున్నారు. కీబోర్డు అబ్బాయి శ్రుతి కోసం రెండుసార్లు వెతికి చేతులు తీసేశాడు. అమ్మ కొంగు సర్దుకుని, అరచేత్తో ఒళ్లో తాళం వేస్తూ రెండో చరణం అందుకుంది.