ఫెంటాస్టిక్ ఫోర్ (2015): అతుకు బయటపడ్డ బొంత

పాత చీరలతో బొంత కుట్టేవాళ్ళు కూడా అతుకు లోపలివైపుకి మడుస్తారు. దర్శకుడు జోష్ ట్రాంక్ పేరుమీద వచ్చిన ఈ సూపర్‌హీరోల సినిమాకి ఆ మాత్రం జాగ్రత్త కూడా లేదు. అతుకెక్కడో తెలియాలంటే నలుగురు హీరోల్లో ఒకరైన స్యూ వేషం వేసిన కేట్ మారా జుట్టు చూడండి చాలు. మొదట తీసిన సీన్లలో సొంత జుట్టు, రీషూట్ చేసిన వాటిలో విగ్గు. విగ్గు కనబడినప్పుడల్లా కథ ఒక మెట్టు దిగుతుంది.

నిజానికి మొదటి సగం తీసిపారేసేది కాదు. హీరో రీడ్ చిన్నప్పుడు గ్యారేజీలో తన యంత్రంతో బొమ్మకారుని మాయం చేస్తే వీధివీధంతా కరెంటు పోతుంది. పెద్దయ్యాక అలాంటి యంత్రంలోనే వేరే లోకం వెళ్ళి తిరిగొచ్చాక సీన్లయితే ఇంకా బావున్నాయి: బల్లకి కట్టేసిన రీడ్ కాళ్ళూ చేతులూ సాగిపోయి ఉంటాయి, ఒళ్ళంతా రాయైపోయిన అతని స్నేహితుడు బెన్ రాళ్ళ కుప్పలోంచి పిలుస్తుంటాడు. శక్తి వరంలా కాక రోగంలా పట్టుకుంటుంది.

సరిగ్గా అక్కడ తెరమీద 'ఒక సంవత్సరం తర్వాత' అని పడుతుంది. కథంతా ఆ ఏడాదిలోనే ఉంది మరి! శక్తులు అదుపులోకెలా వచ్చాయి, సైన్యం కోసం మనుషుల్ని చంపడానికి బెన్ ఎలా ఒప్పుకున్నాడు, తనని వదిలేసి పారిపోయిన రీడ్‌ని చూస్తే అతనికేమనిపిస్తుంది - అన్నీ రెండు మూడు మాటల్లో తేల్చేశారు. ట్రైలర్లో విమానంలోంచి దూకిన బెన్ సినిమాలో దూకడు.

కామిక్ చదివినవాళ్ళకి దెబ్బ ఇంకోచోట తగులుతుంది. 1961లో స్టాన్ లీ, జాక్ కిర్బీ మొదలెట్టిన కథలో రాకెట్ ఎక్కింది నలుగురూ: రీడ్, బెన్, స్యూ, ఆమె తమ్ముడు జానీ. ఒకే కప్పు కింద ఉంటూ పోట్లాడుకునేదీ ఆ నలుగురే. ఇక్కడ మగపిల్లలు మందు కొట్టి బయల్దేరతారు, స్యూకి చెప్పనే చెప్పరు. 'ఇట్స్ క్లాబరింగ్ టైమ్' అన్న బెన్ హుషారు కేకని, చిన్నప్పుడు వాళ్ళన్న అతన్ని కొడుతూ అనే మాటగా మార్చారు. అంత మంచి కేకకి ఈ గతి పట్టించాలని ఎవరికి తోచిందో!

విలన్ డూమ్ సంగతి మరీను. కామిక్‌లో లాట్వేరియా అనే కల్పిత దేశానికి రాజు, ఇనప ముసుగు, ఆకుపచ్చ అంగీ. ఇక్కడ ఒంటికి కరిగి అంటుకుపోయిన స్పేస్ సూటు. 100 నిమిషాల సినిమాలో ఆ రూపంతో అతను వచ్చేసరికి ఆట అయిపోవస్తుంది. విజయనగరం పైడితల్లమ్మ పండగకి పొద్దున్నుంచి నిలబడ్డవాళ్ళకి సిరిమాను కోటకీ గుడికీ మధ్య మూడుసార్లయినా తిరుగుతుంది. ఇందులో నలుగురూ కలిసి కొట్టేది ఒక్కసారే, అదీ గబగబా.

ఖర్చు సుమారు 12 కోట్ల డాలర్లు, ప్రపంచమంతా కలిపి వసూలు 17 కోట్లు దాటలేదు. అందులో థియేటర్ల వాటా పోవాలి. ఏడాది కిందట తన దగ్గర మంచి సినిమా ఉండేదని దర్శకుడే విడుదల ముంగిట ట్వీట్ పెట్టి, వెంటనే తీసేశాడు.

చూడాలనే ఉంటే ఆ 'ఒక సంవత్సరం తర్వాత' అక్షరాలు పడేదాకా చూసి ఆపెయ్యండి. ఆపకపోతే, పక్కన చిన్నపిల్లలుంటే డూమ్ కారిడార్లో నడిచొచ్చే సీను ముందే దాటించండి. తలలు పేలతాయి.