65వ నంబరు హైవే మీద బట్ట కొనుగోలు: పెడన, మంగళగిరి, పోచంపల్లి

చిన్న బొటిక్ నడిపేవాళ్లకి హైదరాబాదు నుంచి బందరు (మచిలీపట్నం) దాకా పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఒక్కటే సగం పని చేసిపెడుతుంది. చౌటుప్పల్ చుట్టుపక్కల ఇక్కత్ (ముందే రంగు అద్దిన నూలుతో బొమ్మ నేసే బట్ట) ఊళ్లు, విజయవాడ దాటి కాస్త పక్కకి తిరిగితే మంగళగిరి మగ్గాలు, రోడ్డు చివర బందరు పక్కనే పెడన కలంకారీ. మూడు రోజుల్లో మూడూ చుట్టి రావచ్చు. కానీ చుట్టి రావడం వేరు, సరుకు కొనడం వేరు. ఊరికి కొంచెం చొప్పున తెచ్చుకున్న బట్టతో కలెక్షన్ నిలబడదు.

ముందు లెక్క చూసుకోవాలి. ప్రయాణం ఖర్చు చివరికి మీటరు మీద పడుతుంది. కారు, గది, భోజనం అన్నీ కలిపి 9,000 అయి, తెచ్చింది 60 మీటర్లే అయితే మీటరుకి 150 రూపాయలు అదనం. అదే ఖర్చుతో 180 మీటర్లు తెస్తే 50. అందుకే ఒక ట్రిప్పుకి ఒక ఊరు ప్రధానంగా పెట్టుకుని, మిగతా చోట్ల నమూనాలు మాత్రమే తీసుకోవడం మేలు. వెళ్లాల్సిన కారణం కూడా స్పష్టంగా ఉండాలి. రంగు, డిజైను ఫోన్లో కనిపిస్తాయి. బట్ట వెనకవైపు, అసలు వెడల్పు, ఉతికే నీళ్లు, మగ్గం మీద తర్వాత ఎక్కబోయే పడుగు (నిలువు దారాలు) మాత్రం అక్కడికి వెళ్తేనే తెలుస్తాయి.

దూరంగా ఉన్న పెడనతో మొదలుపెట్టి వెనక్కి రావడం మంచిది. విజయవాడ నుంచి బందరు సుమారు 70 కిలోమీటర్లు, అక్కడినుంచి పెడన ఇంకో పది. పండిట్ నెహ్రూ బస్టాండు నుంచి బందరు బస్సులు రోజంతా దొరుకుతాయి. అయితే నమూనాల మూటతో నాలుగు షెడ్లు తిరగాలంటే బందరులో రోజుకి మాట్లాడుకున్న ఆటో అన్నిటికన్నా నయం. షెడ్ల సందుల్లోకి కారు వెళ్లకపోవచ్చు, ఆటో వెళ్తుంది. ఉదయం ఎనిమిదికల్లా అక్కడుంటే అద్దకం, ఉడకబెట్టడం, ఆరేయడం మూడూ చూడొచ్చు. మధ్యాహ్నం వెళ్తే షోరూమ్‌లో మడత పెట్టిన తానులే కనిపిస్తాయి.

అద్దకం బల్ల దగ్గర పది నిమిషాలు నిలబడండి. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన బట్ట లేత పసుపుగా ఉంటుంది. తుప్పు ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన ద్రావణంలో టేకు అచ్చు ముంచి, బట్ట మీద పెట్టి పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తారు. ద్రావణానికి సొంతంగా పెద్ద రంగేమీ ఉండదు, కరక్కాయ తగలగానే కళ్లముందే నల్లబడుతుంది. ఎరుపు పడాల్సినచోట అద్దేది పటిక. ఎక్కడ అద్దారో తెలియడానికి అందులో కాస్త రంగు కలుపుతారు, అంతే. అసలు ఎరుపు తర్వాత రాగి గంగాళంలో ఉడికినప్పుడు బయటికొస్తుంది. ఇది కళ్లారా చూసినవాళ్లు ఈ బట్టని కస్టమరుకి చెప్పే తీరు మారిపోతుంది. అమ్మకంలో ఆ మాటకి విలువ ఉంది.

ఇక్కడ జాగ్రత్తపడాల్సినవి చాలానే ఉన్నాయి. పెడనలో అచ్చు అద్దకం పక్కనే స్క్రీన్ ప్రింటింగూ జరుగుతుంది, రెండిటినీ బయట కలంకారీ పేరుతోనే అమ్మేస్తారు. అచ్చు పనిలో ఒక అచ్చు ఆగి రెండోది మొదలైన చోట సన్నని అతుకు తెలుస్తుంది, గీత అక్కడక్కడ మందంగా, అక్కడక్కడ పలచగా పడుతుంది. స్క్రీన్ పనిలో అన్ని పూలూ ఒకే పోతలో ఉంటాయి. నలుపు సహజమో కాదో తెలియాలంటే, అడిగి తీసుకున్న ముక్క మీద నిమ్మరసం చుక్క వేయండి. ఇనుము నలుపైతే వెలుస్తుంది, రసాయన రంగు సాధారణంగా చలించదు. ఇనుము మోతాదు ఎక్కువైతే ఇంకో ఇబ్బంది: కొన్నేళ్లకి నలుపు ఉన్నచోటే బట్ట చివికిపోతుంది. నల్లని భాగాన్ని రెండు బొటనవేళ్ల మధ్య గట్టిగా లాగి చూడటం అలవాటు చేసుకోవాలి. ఎరుపు విషయంలోనూ సూటిగా అడగండి. వేరు, చెక్క ఉడికించి తీసినదా, కొన్న అలిజరినా (రసాయనంగా తయారుచేసిన ఎరుపు)? అలిజరిన్ వాడటం తప్పేమీ కాదు, పటికతో బాగా నిలుస్తుంది కూడా. కానీ దానికి పూర్తి సహజ రంగులని ట్యాగ్ కట్టడం తప్పు.

మరో సంగతి. అద్దకం చేతిదే అయినా కింద ఉన్న బట్ట చాలాసార్లు మిల్లుది. కాబట్టి అచ్చు అద్దకం అని రాయొచ్చు, చేనేత అని రాయకూడదు. చేనేత బట్ట మీదే కావాలంటే మంగళగిరి తాను కొని పెడనకి పంపి అద్దించుకోవచ్చు. బట్టలోని గంజి పూర్తిగా పోకపోతే మరకలు మరకలుగా అద్దుతుంది గనుక, మొత్తం పంపే ముందు అయిదు మీటర్లు పరీక్షకి ఇవ్వండి.

కాలం చూసుకోవాలి. వానల్లో ఆరబెట్టడం ఆగిపోతుంది, అక్టోబరు, నవంబరుల్లో తుపాను భయం. ఎండాకాలంలో కృష్ణా డెల్టా కాలువలు కట్టేస్తారు. ఈ పనికి పారే నీళ్లు కావాలి. సముద్రం దగ్గర బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, రంగు తేడా వస్తుంది. డిసెంబరు నుంచి మార్చి వరకు మంచి రోజులు. వేసవి కలెక్షన్‌కి డిసెంబరులోనే ఆర్డరు పెట్టాలి. మూడు వారాలన్నారంటే అయిదు వారాలు వేసుకోండి.

బస సంగతికొస్తే, బందరులో బస్టాండు, కోనేరు సెంటరు చుట్టూ ఉన్న లాడ్జీలు రాత్రి పడుకోవడానికి సరిపోతాయి. ఉదయాన్నే పెడన చేరాలంటే అక్కడే ఉండటం సుఖం. గది తీసుకునేటప్పుడు ఏసీ కంటే ముందు చూడాల్సింది కిటికీ. పగటి వెలుతురు లేని గదిలో రెండు ఎరుపులకి తేడా కనిపించదు. బాత్రూములో బకెట్టు ఉండాలి: తెచ్చిన ముక్కని ఉప్పునీళ్లలో అరగంట నానబెట్టి, తెల్లగుడ్డతో రుద్ది చూసి, రంగు దిగితే పొద్దున్నే వెళ్లి ఆర్డరు మార్చుకోవచ్చు. మూటలు మోయాలి గనుక కింది అంతస్తు, లేదా లిఫ్టు. చెకవుట్ 24 గంటలదా, పగలు పన్నెండుకా అని ముందే అడగాలి. విజయవాడలో గదులకి కొదవ లేదు. గాంధీనగర్, గవర్నర్‌పేట స్టేషనుకి దగ్గర, వన్‌టౌన్ వస్త్రలతలో హోల్‌సేల్ బట్టల పని కూడా అదే పూట అయిపోతుంది. దసరా తొమ్మిది రోజులూ అమ్మవారి దర్శనానికి వచ్చే జనంతో గదులు దొరకవు, రేట్లు పెరుగుతాయి. ఆ రోజులు వదిలేయండి.

మంగళగిరి విజయవాడకి ఆనుకున్నట్టే ఉంటుంది, అక్కడ గది అవసరం లేదు. కుట్టుడు బట్టల వ్యాపారానికి ఈ మూడింటిలో నికరంగా అక్కరకొచ్చేది ఇదే. గుంట మగ్గం మీద 80వ నంబరు నూలుతో నేసిన సాదా బట్ట, ఒంటిలో బుటా ఉండదు, నిజాం అనే అంచు డిజైను దీని గుర్తు. కుర్తా కుడితే ఒంటి మీద ఉన్నట్టే తెలియనంత తేలిక. చిన్న వ్యాపారికి ఇక్కడున్న వెసులుబాటు ఏమిటంటే, పడుగు అదే ఉంచి పేక (అడ్డ దారం) రంగు మార్చమని అడగొచ్చు. నీలం పడుగు మీద ఎర్ర పేక, ఆకుపచ్చ పేక, నల్ల పేక వేస్తే ఒకే మగ్గం మీద మూడు రంగుల నీడలు వస్తాయి. కొత్త పడుగు వేయించాలంటే ఎక్కువ గజాలు తీసుకోక తప్పదు, పేక మార్పుకి 20, 25 మీటర్లకే ఒప్పుకునేవాళ్లున్నారు.

ఇక్కడే ఎక్కువమంది నష్టపోయేది కొలతలో. అడిగింది మీటరా, చెప్పింది గజమా? 100 గజాలంటే 91 మీటర్లే. తొమ్మిది మీటర్లు తగ్గితే మూడు కుర్తాలు పోయినట్టు. వెడల్పు 44 అంగుళాలని చెప్పినా మగ్గానికీ మగ్గానికీ అంగుళం అటూ ఇటూ అవుతుంది. తాను మొదట్లో, మధ్యలో, చివర్లో టేపు పెట్టి తక్కువ వచ్చినదాన్నే లెక్కలోకి తీసుకోండి. ఉతికితే వందకి మూడు నుంచి అయిదు కుంచించుకుపోతుంది కాబట్టి కత్తిరించే ముందే తడిపి ఆరబెట్టడం తప్పనిసరి. నూలు రంగు గిన్నె గిన్నెకీ మారుతుంది. ఒక డిజైనుకి కావాల్సిందంతా ఒకే రంగు దఫాలో తీసుకుని, ఆరంగుళాల ముక్క ఒకటి తేదీ రాసి దాచుకోవాలి. ఈ ఊళ్లో వానాకాలం మగ్గం గుంతల్లోకి నీళ్లు చేరి పని ఆగిపోతుంది, గడువు అడిగేటప్పుడు అది గుర్తుంచుకోండి.

చీరాల మీద ఆశ పెట్టుకునేవాళ్లు చాలామంది. జాండ్రపేట మగ్గాలు చూడదగ్గవి, కుప్పడం చీరలు బావుంటాయి. కానీ కుర్తా బట్టకే అయితే మంగళగిరి చాలు. వెంకటగిరి సన్ననూలు చీరలకే, కత్తిరించి కుట్టడానికి కాదు.

తిరుగు ప్రయాణంలో చౌటుప్పల్. కొయ్యలగూడెంలో నూలు ఇక్కత్ మీటర్ల లెక్కన దొరుకుతుంది, కుర్తాలకీ కుషన్లకీ సరిపోయే బట్ట. పోచంపల్లి చీరలకీ పట్టుకీ పేరు, 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచాక చూడటానికి వచ్చేవాళ్లు పెరిగారు. హైదరాబాదు నుంచి పొద్దున వెళ్లి సాయంత్రం రావచ్చు, రాత్రి ఉండనక్కర్లేదు. పుట్టపాక తేలియా రుమాలు వేరే సంగతి. ఆముదం కాయల బూడిద, నూనెల్లో నూలుని మళ్లీ మళ్లీ నానబెట్టి చేస్తారు, ఎరుపు, నలుపు, తెలుపే దాని రంగులు. 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) వచ్చింది. దాన్ని కత్తిరించి జాకెట్టు కుట్టడం కంటే దుపట్టాగా ఉంచడమే మర్యాద.

అసలు ఇక్కత్‌కి వెనకా ముందూ ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచులు ఈకల్లా చెదురుతాయి, ఎందుకంటే రంగు పడింది బట్ట మీద కాదు, నేయకముందే నూలు మీద. ఒకవైపు వెలసినట్టుంటే అది ప్రింటు. కత్తిరించేటప్పుడు ఎదురెదురు ముక్కల్లో బొమ్మ కలవాలి కాబట్టి మామూలు కుర్తాకి రెండున్నర మీటర్లయితే దీనికి పది, పదిహేను శాతం ఎక్కువ పెట్టండి. ప్రింటుకి పోచంపల్లి పేరు పెట్టి అమ్మితే అది భౌగోళిక గుర్తింపు చట్టం ప్రకారం నేరం, పైగా ఆసు పోసి (నూలు చుట్టి), చిటికి కట్టినవాళ్ల (రంగుకి ముడులు వేసినవాళ్ల) కూలి కొట్టేసినట్టు.

ఒక కుర్తా ధర లెక్క ఉదాహరణకి ఇలా ఉంటుంది. మీటరు 260 చొప్పున రెండున్నర మీటర్లకి 650, ప్రయాణం వాటా 125, లైనింగు, గుండీలు 80, కుట్టుకూలి 300, తడపడం, ఇస్త్రీ, ప్యాకింగు 65. మొత్తం 1,220. చెడిపోయేవాటికి, మిగిలిపోయేవాటికి ఎనిమిది శాతం కలిపితే 1,320 దాకా. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 దాకా ఉన్న దుస్తులకి జీఎస్టీ 5 శాతం, దాటితే 18. అంటే 2,500కి పెడితే కస్టమరు ఇచ్చేది 2,625, 2,600కి పెడితే 3,068. వంద రూపాయల కోసం ఆ గీత దాటకండి. ఇంట్లో నేసే చిన్న నేతన్న దగ్గర జీఎస్టీ బిల్లు ఉండదు, ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మన పన్నులో తగ్గించుకోవడం) కావాలంటే సొసైటీ దగ్గరో, రిజిస్టరైన మాస్టర్ వీవర్ (నేతన్నలతో నేయించే వ్యాపారి) దగ్గరో కొనాలి.

సరుకు పంపడానికి ఆర్టీసీ కార్గో నమ్మదగ్గది. రాష్ట్రం దాటే సరుకు విలువ 50,000 మించితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్లో తీసుకునే జీఎస్టీ పత్రం) పెట్టాలి. కలంకారీలో తేమ ఉండగా మూట కడితే రెండు రోజుల్లో బూజు పడుతుంది, మడతల్లో చెయ్యి పెట్టి చల్లగా తగిలితే ఇంకో పూట ఎండబెట్టమనండి. లోపల ప్లాస్టిక్ కవరు, బయట గోనె, రెండు వైపులా పేరు, ఊరు. కవరు మూసే ముందు బిల్లు కాపీ ఒకటి లోపల వేయడం మరవద్దు.