పదకొండు గంటల ఆకలికి ఆటోనగర్ మెస్

హరిణ వనస్థలి జింకల పార్కు చూసి బయటికొచ్చేసరికి పదకొండు దాటి పది నిమిషాలు. "తాతా, ఆకలి" అంది మనవరాలు. హైదరాబాద్‌లో తిండికి ఇంతకంటే చెడ్డ టైము ఇంకోటి లేదు. టిఫిన్ సెంటర్ల వాళ్లు అప్పటికే పెనం కడిగి బోర్లించేస్తారు. మీల్స్ హోటళ్లలో అన్నం ఇంకా పొయ్యి మీదే ఉంటుంది. ఇడ్లీకి ఆలస్యం, అన్నానికి తొందర. నేను ముప్పై ఏళ్లు ఆర్టీసీలో చేసి, చివరి తొమ్మిదేళ్లు కంట్రోలర్‌గా చార్టు ముందు కూర్చుని రిటైరైనవాణ్ణి. కళ్లముందే బస్సు వెళ్లిపోతే స్టాపులో నిలబడిన ప్యాసింజర్ మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ రోజు నా మొహమే అలా ఉంది.

పొద్దున బయల్దేరేటప్పుడే మా ఆవిడ అంది, "ఏమండీ, ఒక డబ్బాలో పులిహోర కలిపేస్తాను, పది నిమిషాల పని" అని. "పక్కనే విజయవాడ హైవే, హోటళ్లకు కరువా? డబ్బాలు మోసుకుపోవడానికి ఇదేమన్నా తీర్థయాత్రా?" అన్నాను. ఆ మాట ఆవిడ మర్చిపోలేదని తర్వాత తెలిసింది.

పార్కు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆకలి టైమును నిర్ణయించేది అదే. వనస్థలిపురం పక్కన, హైవేను ఆనుకుని 14.59 చదరపు కిలోమీటర్ల అడవి ఇది. ఒకప్పుడు నిజాం వేటకు వచ్చిన నేల. మహావీరుడి 2500వ నిర్వాణ వార్షికోత్సవం సందర్భంగా 1975లో మహావీర్ హరిణ వనస్థలి అని పేరు పెట్టారు. తుపాకులు పేలిన చోటికి చీమను కూడా తొక్కొద్దన్న మహానుభావుడి పేరు పెట్టడం నాకైతే ముచ్చటగా ఉంటుంది. ఇక్కడ చూడాల్సింది కృష్ణజింకలు. మగది నల్లగా, మెలితిరిగిన కొమ్ములతో ఠీవిగా ఉంటుంది. ఆడదానికి కొమ్ములుండవు, ఒళ్లు లేత గోధుమ రంగు. ఎండ ముదిరితే నీడ చూసుకుని కూలబడతాయి కాబట్టి పొద్దున్నే వెళ్లాలి. మేం డిసెంబర్‌లో రెండో శనివారం తొమ్మిదింటికల్లా గేటు దగ్గరున్నాం. ఏడింటికి తిన్న రెండేసి ఇడ్లీలు పదిన్నరకే అరిగిపోయాయి. మనవరాలు జింకల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టి, పద్నాలుగు దగ్గర ఆపేసి చిప్స్ అడిగింది. అడవిలో చిప్స్ ప్యాకెట్ విప్పకూడదని అల్లుడు చెబితే మూతి ముడిచింది.

ముందు హైవే మీద ఒక పెద్ద ఏసీ రెస్టారెంట్‌కు వెళ్లాం. పేరు రాయను. గోడ నిండా జింకల బొమ్మలు, బల్లల మీద మడతపెట్టిన గుడ్డలు. కూర్చున్న పది నిమిషాలకు కుర్రాడొచ్చి, "సార్, టిఫిన్ అయిపోయింది, మీల్స్ పన్నెండున్నరకు. నూడుల్స్ చేస్తాం" అన్నాడు. "పెరుగన్నమైనా పెడతారా బాబూ?" అంటే "అది మీల్స్‌లో ఐటెమ్ సార్" అన్నాడు. ఫ్రిజ్‌లో పెరుగుంది, గిన్నెలో అన్నం ఉడుకుతోంది, పన్నెండున్నర దాకా ఆ రెండూ కలవకూడదన్నమాట! లేచి వచ్చేశాం. కార్లు పెట్టించే వాచ్‌మన్ మమ్మల్ని చూసి, "గప్పుడే అయిపోయిందా సార్?" అని నవ్వాడు. సంగతి చెబితే, "ఆటోనగర్ల పోన్రి. ఆడ పదకొండుకే పెడ్తరు. నేను గూడ ఆన్నే తింట" అన్నాడు.

ఆటోనగర్ అంటే తెలియనివాళ్లకు చెబుతాను. లారీలకు, బస్సులకు సంబంధించి బాడీ కట్టడం దగ్గర్నుంచి కమాను పట్టీలు, టైర్లు, వెల్డింగ్, పెయింటింగ్ దాకా అన్నీ జరిగే చోటు. పార్కు పక్కనే. ఇటు గోడ లోపల జింకలు, అటు విప్పి పెట్టిన ఇంజన్లు. నేను హయత్‌నగర్ డిపోలో పనిచేసిన రోజుల్లో ఈ దారిన వందసార్లు పోయుంటాను గానీ ఇక్కడ అన్నం తినొచ్చన్న ఆలోచనే రాలేదు. మాకు డిపో క్యాంటీనే కైలాసం.

మెస్‌కు పేరుందో లేదో తెలియదు. బోర్డు ఎండకు వెలిసిపోయి 'మెస్' అన్న రెండక్షరాలే మిగిలాయి. ముందు వేపచెట్టు, దాని కింద ఒక బల్ల. లోపల రేకుల కప్పు, ఐదు పొడుగు బల్లలు, ఒక మూల నీళ్ల డ్రమ్ము. మేం వెళ్లేటప్పటికి పదకొండు నలభై. సగం బల్లలు నిండిపోయి ఉన్నాయి, చేతులకు గ్రీజు మరకలున్న మనుషులతో. మమ్మల్ని చూసి ఇద్దరు కుర్రాళ్లు ప్లేట్లు పట్టుకుని పక్క బల్లకు జరిగారు. వంట చేసే ఆమె లోపల్నుంచే, "కూసోండి బిడ్డా, అన్నం ఇప్పుడే దించిన" అంది. ఇంత పొద్దున్నే అన్నం ఎలా పెడుతున్నారని అడిగితే, వడ్డిస్తున్న వాళ్లాయన చెప్పాడు. షెడ్లలో వాళ్లు ఉత్త చాయ్ తాగి పనిలో దిగుతారట. రేకులు కాగకముందే బరువు పనులు అవగొట్టి, పదకొండున్నరకు తినేస్తారట. అందుకే ఆయన తెల్లారుజామున నాలుగింటికి లేస్తాడు. హోటల్ వాళ్ల గడియారం వేరు, పనివాళ్ల ఆకలి గడియారం వేరు. అడవి చూసొచ్చినవాడి ఆకలి ఈ రెండోదానికే సరిపోతుంది.

భోజనం 90 రూపాయలు. అన్నం, పప్పు, పచ్చిపులుసు ఎంతైనా అడగొచ్చు. కోడిగుడ్డు, చికెన్ కావాలంటే విడిగా. శనివారం కాబట్టి మా ఆవిడ, నేను ముట్టలేదు. అల్లుడికి అలాంటి పట్టింపులు లేవు.

ఆ రోజు పప్పు గంగవాయిలి కూరతో చేసింది. ఈ ఆకుకూర హోటళ్లలో కనిపించదు, ఏరి కడగడానికి ఓపిక కావాలి, కాడలకు మట్టి పట్టి ఉంటుంది. ఇక్కడ ఒక్క ఇసుక రేణువు పంటి కింద పడలేదు. పప్పు మరీ మెత్తగా రుబ్బినట్టు కాకుండా, పలుకు పలుకుగా, ఆకు పులుపు నాలుక చివర తగిలేలా ఉంది. పోపులో వెల్లుల్లి రెబ్బలు దంచి వేశారు, తరిగి కాదు. ఆ తేడా తినేవాడికి తెలుస్తుంది.

ఇక పచ్చిపులుసు. నేను పుట్టింది నల్గొండ పక్క పల్లె. పచ్చిపులుసు విషయంలో ఎవరితోనూ రాజీపడను. పెద్ద హోటళ్లలో తెలంగాణ థాలీ అని పెట్టి, అందులో చిన్న గిన్నెతో గోరువెచ్చటి తియ్యటి నీళ్లు ఇస్తారు. పచ్చిపులుసు పొయ్యి ఎక్కకూడదు, అందుకే అది పచ్చిపులుసు. మిరపకాయలు నిప్పుల మీద కాల్చాలి. ఉప్పు, జీలకర్ర, ఉల్లిగడ్డ ముక్కలు వేసి చేత్తో పిసకాలి. ఆ చేత్తోనే చింతపండు పిండి, నీళ్లు పోయాలి. ఈమె సరిగ్గా అలాగే చేస్తుంది. కాలిన మిరప పొట్టు నల్లగా పైన తేలుతూ కనిపించింది. వేడి అన్నంలో ముద్దపప్పంత చిక్కగా ఆ గంగవాయిలి పప్పు, మీద చల్లటి పచ్చిపులుసు పోసుకుంటే, మా అమ్మ వరికోతల రోజున పొలానికి తెచ్చిన సద్ది గుర్తొచ్చింది. మూడుసార్లు పోయించుకున్నాను. మూడోసారి ఆయన గిన్నె నా దగ్గరే పెట్టేసి వెళ్లిపోయాడు.

అన్నం సన్నబియ్యం కాదు, కొంచెం లావు గింజ. మా అమ్మాయికి నచ్చలేదు. పులుసు పీల్చుకోవడానికి ఆ గింజే మంచిదని నా వాదన. చికెన్ గురించి అల్లుణ్ణి అడిగితే, "మసాలా ఎక్కువైంది మామయ్యా, కానీ ముక్క బాగా ఉడికింది" అన్నాడు. మనవరాలు ఉడికించిన గుడ్డు, పెరుగన్నం తింది. పెద్ద హోటల్లో పన్నెండున్నర దాకా పుట్టదన్న పెరుగన్నం ఇక్కడ అడిగిన నిమిషంలో వచ్చింది.

అన్నీ బాగున్నాయని అబద్ధం చెప్పను. బెండకాయ వేపుడు నూనెలో ఈదుతోంది. సాంబారు అని బకెట్‌లో తిప్పేది పప్పు గిన్నె కడిగిన నీళ్లకు దగ్గరి చుట్టం, దాని జోలికి పోవద్దు. మామిడి తొక్కు పాతబడి నల్లగా అయింది. తాగే నీళ్లు మనమే తీసుకెళ్లడం మంచిది. బాత్రూమ్ లేదు. ఆడవాళ్లతో వెళ్లేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. పార్కులోనే ఆ పని చూసుకుని బయల్దేరండి. పక్క షెడ్డులో వెల్డింగ్ చప్పుడు, లారీ హారన్లు ఆగవు. మాట్లాడుకుంటూ తినే చోటు కాదు. నిజానికి అక్కడ ఎవరూ మాట్లాడటం లేదు. అందరూ శ్రద్ధగా తింటున్నారు.

ఒక్కసారి తిని రాస్తే అది రివ్యూ కాదని తర్వాత బుధవారం ఒక్కణ్ణే మళ్లీ వెళ్లాను. కావాలనే ఆలస్యంగా, ఒంటిగంట దాటాక. పప్పు అడుగంటింది, పచ్చిపులుసు ఖాళీ. చికెన్, ఆ సాంబారు మిగిలాయి. అన్నం చల్లారి గట్టిపడింది. ఆమె నన్ను గుర్తుపట్టి, "జల్ది రావాలె గద సారూ" అంది. తప్పు నాదే. ఈ సర్వీసు పదకొండుంపావుకు బయల్దేరి పన్నెండున్నరకు ఆఖరు. తర్వాత వచ్చినవాళ్లు డిపోకు పోయే బస్సెక్కినట్టే.

హైదరాబాద్‌లోని మిగతా రెండు నేషనల్ పార్కుల సంగతి అడుగుతారేమో. కేబీఆర్ పార్కుకు పోయేవాళ్లకు ఈ చిక్కు లేదు. నడక ఎనిమిదిలోపే అయిపోతుంది, గేటు బయటే రాగి జావ, మొలకలు దొరుకుతాయి, ఊరంతా టిఫిన్లు పొగలు కక్కుతుంటాయి. చిలుకూరు పక్కనున్న మృగవని మాత్రం మన హరిణ వనస్థలి లాంటిదే. అడవి చూసి, బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసేసరికి మళ్లీ అదే పదకొండు, అదే ఆకలి. కోరిక తీరి 108 తిరగాల్సినవాళ్ల గతి చెప్పనక్కర్లేదు. అటువైపు వెళ్తే నేనైతే ఇంట్లోంచే పట్టుకెళ్తాను. దారిలో జామకాయలు, మొక్కజొన్న పొత్తులు ఎలాగూ దొరుకుతాయి.

మెస్ సంగతి అక్కడితో ఆపొచ్చు. కానీ సంక్రాంతి తర్వాత కోదాడ నుంచి మా బావమరిది కుటుంబంతో వచ్చాడు. వాడికి జింకలు చూపించి, దానికంటే ముఖ్యంగా ఆ పచ్చిపులుసు తాగించాలని నా పట్టుదల. దారి పొడుగునా అదే చెప్పాను. "బావా, నువ్వు ఇంతగా చెబుతుంటే ఇప్పుడే తినాలనిపిస్తోంది" అన్నాడు. ఈసారి టైము తప్పలేదు. పదకొండు ఇరవైకి వేపచెట్టు కింద కారాపాను.

షట్టర్ మూసి ఉంది. పక్క షెడ్డూ మూసి ఉంది. దాని పక్కదీ. వీధి మొత్తంలో ఒక్క హారన్ లేదు, ఒక కుక్క లారీ కింద పడుకుని ఉంది. అప్పుడు తట్టింది నాకు, ఆ రోజు ఆదివారమని. మెకానిక్కులకు సెలవు, మెస్‌కు సెలవు. ముప్పై ఏళ్లు టైము చూసినవాణ్ణి, వారం చూసుకోలేదు.

ఎవరూ ఏమీ అనలేదు. మా ఆవిడ కారు డిక్కీ తీయించి, నాకు తెలియకుండా సర్దిన సంచీ దించింది. రెండు స్టీలు డబ్బాల్లో పులిహోర, ఒక డబ్బాలో పెరుగన్నం, విస్తరాకులు, నీళ్ల సీసాలు. మెస్ వాళ్ల బల్ల మీదే వేపచెట్టు కింద వడ్డించింది. నేను కిక్కురుమనకుండా ఆకు ముందేసుకున్నాను. బావమరిది రెండోసారి పులిహోర పెట్టించుకుంటూ, మూసిన షట్టర్ వైపు ఒకసారి చూసి, "మెస్ బాగుంది బావా" అన్నాడు.