ఆటోనగర్ రంగు పడిన 1978 గ్రెకో: ఏళ్ల తరబడి వాయించాక నా మాట

ముందే చెప్పేస్తాను, గ్రెకో అనే జపాన్ బ్రాండు ఎలక్ట్రిక్ గిటార్ ఇది, కలెక్టర్ల గిటార్ కాదు. రంగు మారింది, కీస్ (తీగలు బిగించే మరలు) మారాయి, ఒక పికప్ (తీగల కదలికను కరెంటుగా మార్చే భాగం) మారింది, బాడీకి కొత్తగా ఒక కన్నం కూడా పడింది. అయినా విజయవాడలో సెమీ క్రిస్మస్ ప్రోగ్రాములకూ, పెళ్లి రిసెప్షన్లకూ ఏళ్లుగా నేను భుజాన వేసుకుని వెళ్తున్నది దీన్నే. లక్ష దాటిన కొత్త గిటార్లు వాయించి చూశాక కూడా మార్చాలనిపించలేదు. కానీ ఎవరైనా "ఇది ఎంత చేస్తుందన్నా?" అని అడిగితే మాత్రం ఒక్క అంకెతో జవాబు చెప్పలేను.

గుంటూరు బ్రాడీపేటలో ఉండే ఒక మాస్టారి దగ్గర కొన్నాను. ఒకప్పుడు ఆర్కెస్ట్రాలో లీడ్ వాయించేవారు. ఆయన మొదటి మాటే, "బాబూ, ఇది గిబ్సన్. అది చూసుకుని మాట్లాడు." గిబ్సన్ అంటే పేరున్న అమెరికన్ గిటార్ కంపెనీ. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. ఎనభైల్లో ఓడలో పనిచేసే బావమరిది జపాన్ నుంచి తెచ్చినప్పుడు ఆయనకూ అలాగే చెప్పారు. తర్వాతెప్పుడో రంగు పెచ్చులూడితే బెజవాడ ఆటోనగర్లో కార్లకు పెయింట్ వేసే షెడ్డులో ఇచ్చి మెరూన్ కొట్టించారు. పనిలో పనిగా హెడ్‌స్టాక్ (కీస్ ఉండే తల భాగం) ముందువైపు నల్లగా కొట్టేశారు. లోగో దాని కిందే పోయింది. ఆయన 45 వేలు అడిగారు, 28కి కుదిరింది.

గిబ్సన్ కాదని తేలడానికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. హెడ్‌స్టాక్ వెనకవైపు పాత ఫినిషే ఉంది. అక్కడి నంబర్ జి78తో మొదలవుతుంది, తర్వాత నాలుగంకెలు. గిబ్సన్ 1977 నుంచి వేసింది ఎనిమిదంకెల నంబర్, ముందు అక్షరం ఉండేది కాదు. పైగా 1970ల గిబ్సన్లకు హెడ్‌స్టాక్ వెనక 'మేడిన్ యూఎస్ఏ' అని చెక్కలోకి గుద్ది ఉంటుంది. దీనికి ఆ ముద్ర లేదు. అక్షరం, రెండంకెల సంవత్సరం, ఆపైన వరుస నంబర్ అనేది జపాన్‌లో నాగానో ప్రాంతం మత్సుమొతోలోని ఫుజిజెన్ గక్కి ఫ్యాక్టరీ పద్ధతి. ఏ అంటే జనవరి, బి అంటే ఫిబ్రవరి. ఆ వరసలో జి అంటే జులై. అంటే 1978 జులైలో తయారైంది.

ఇక్కడితో పని అయిపోలేదు. హోషినో కంపెనీ వాళ్ల ఐబనెజ్, కాండా షోకై కంపెనీ వాళ్ల గ్రెకో, ఈ రెండు బ్రాండ్లూ ఫుజిజెన్‌లోనే తయారయ్యేవి, నంబర్ వేసే తీరూ ఒకటే. వీటిని విడదీసింది హెడ్‌స్టాక్ ఆకారం. దీని పైఅంచు తెరిచిపెట్టిన పుస్తకంలా ఉంటుంది, గిబ్సన్‌ది ఎలా ఉంటుందో అచ్చం అలాగే. ఆ ఆకారం మీదే గిబ్సన్ అప్పటి యజమాని కంపెనీ నార్లిన్ 1977లో ఐబనెజ్ అమెరికా శాఖ ఎల్గర్ మీద కోర్టుకెక్కింది. ఐబనెజ్ అప్పటికే ఆకారం మార్చేసింది. గ్రెకో అమ్మకం ప్రధానంగా జపాన్‌లోనే కాబట్టి ఆ తర్వాత కూడా పాత ఆకారంలోనే వచ్చింది. 1978 నంబరూ, ఫుజిజెన్ పద్ధతీ, ఈ అంచూ ఒకే గిటార్ మీద ఉంటే అది దాదాపు గ్రెకోయే. నెక్ (పిడి) వైపు ఉండే పికప్ విప్పి చూస్తే మ్యాక్సన్. ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్ పెడల్ తయారుచేసిన నిషిన్ ఓంపా వాళ్ల బ్రాండే అది.

ఆ కేసు పుణ్యమా అని 70ల నాటి ప్రతి జపాన్ కాపీనీ 'లాసూట్ గిటార్' (కేసు పడ్డ గిటార్) అని చెప్పి నాలుగు రాళ్లు ఎక్కువ అడగడం అలవాటైపోయింది. కేసు పడింది ఒక్క కంపెనీ మీదే. ఆ మాటకు నేనైతే రూపాయి కూడా ఎక్కువ ఇవ్వను.

గ్రెకోలో మోడల్ నంబర్ అంటే ధరే. ఈజీ500 అంటే 50 వేల యెన్లు, ఈజీ1000 అంటే లక్ష యెన్లు. నా గిటార్ కంట్రోల్ క్యావిటీ (నాబ్‌ల వైరింగ్ ఉండే గూడు) మూత తీస్తే బాడీ పొరలు అతికిన గీత కనిపిస్తుంది, అంటే ఒకే ముక్క చెక్క కాదు. పై మోడల్ అని చెప్పుకోవడానికి చేతిలో ఆధారం లేనప్పుడు కింది మోడల్‌గానే లెక్కగట్టాలి. నేను దీన్ని ఈజీ500గానే చూస్తాను.

ఇక మార్పుల సంగతి. వెనక్కి తిప్పగలిగేవి వేరు, చెక్క పోయినవి వేరు. ధర దాదాపు అంతా ఈ తేడా మీదే నడుస్తుంది. కీస్ మార్చినా మాస్టారు పాతవి పారెయ్యలేదు, హోమియో మందుల డబ్బాలో దాచి గిటార్‌తో పాటే ఇచ్చారు. కొత్త వాటి కోసం వెనక రెండో వరస స్క్రూ కన్నాలు పడ్డాయి గానీ పాతవి బిగిస్తే చాలావరకు కప్పుకుపోతాయి. బ్రిడ్జి (తీగలు బాడీ మీద ఆనేచోటు) పక్క పికప్ స్థానంలో ఎవరో పేరులేని సిరామిక్ పికప్ వేశారు. మల్టీమీటర్ పెడితే నెక్ మ్యాక్సన్ 7.6 కిలో ఓమ్‌లు, ఇది 14 పైన. పేరు చదవలేకపోయినా ఒకే జత కాదని మీటరే చెప్పేస్తుంది. లోపల సోల్డరింగ్ కూడా పట్టిస్తుంది: పాత టంకం మసకగా, చిన్నగా ఉంటుంది, తర్వాత పెట్టింది మెరుస్తూ ఉండలు కట్టి ఉంటుంది.

వెనక్కి తిప్పలేనివి రెండు. వాల్యూమ్ నాబ్‌ల మధ్య కాయిల్ స్ప్లిట్ (పికప్‌లోని రెండు కాయిల్స్‌లో ఒకదాన్ని ఆపేసే) మినీ స్విచ్ కోసం పైచెక్కకు వేసిన కన్నం ఒకటి, ఆటోనగర్ రంగు రెండోది. తర్వాత ఎక్కడెక్కడ చెయ్యి పడిందో చూడాలంటే దొంగనోట్లు పట్టడానికి షాపుల్లో వాడే అల్ట్రావయొలెట్ లైటు చాలు. గది చీకటి చేసి వేస్తే మళ్లీ దిద్దినచోట్లు వేరే ఛాయలో కనిపించాయి. బెల్ట్ పిన్ దగ్గర ఒక పాత కన్నం పూడ్చిన గుర్తు అలాగే బయటపడింది. గట్టి కార్ పెయింట్ వల్ల శబ్దం చచ్చిపోతుందని కొందరంటారు. నాకు అలా అనిపించలేదు, జపాన్‌లో వేసిన అసలు ఫినిష్ కూడా ఏమంత పలుచగా ఉండేది కాదు.

ఫ్రెట్లు (నెక్ మీది లోహపు పట్టీలు) నేనే మార్పించాను. కలెక్టర్ దానికీ ధర తగ్గిస్తాడు. వాయించేవాడికి మాత్రం ఈ గిటార్ మీద జరిగిన పనులన్నిటిలో పనికొచ్చింది అదొక్కటే. పాత ఫ్రెట్లు అరిగి మొదటి ఐదింటిలో తీగ జరజరమనేది. ఇప్పుడు పదో నంబర్ తీగల సెట్టుతో యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) కిందకి దించినా శుభ్రంగా పలుకుతుంది.

నెక్ పికప్ వింటే గిటార్ విలువేమిటో అర్థమవుతుంది. టోన్ నాబ్ సగానికి తగ్గించి మెలోడీ పాటలకు ఫిల్లింగ్స్ వాయిస్తే కీబోర్డు వాళ్లు తిరిగి చూస్తారు. బ్రిడ్జి సిరామిక్ గట్టిగా అరుస్తుంది, డిస్టార్షన్‌కు సరే, మామూలుగా వాయిస్తే చెవికి గుచ్చుకుంటుంది. మినీ స్విచ్ వేస్తే స్టేజీ మీద ఎల్‌ఈడీ వాల్ ఉన్నచోట హమ్ మొదలవుతుంది, జనరేటర్‌కు ఎర్తింగ్ లేకపోతే ఇక చెప్పనక్కర్లేదు. అందుకే దాన్ని ముట్టుకోను. బరువు 4.4 కిలోలు. రెండు గంటల ప్రోగ్రాం అయ్యాక ఎడమ భుజం గుర్తుచేస్తుంది, వెడల్పాటి బెల్ట్ లేకుండా పట్టుకోకండి.

మన వాతావరణం సంగతి కూడా చెప్పాలి. మే నెలలో నెక్ ఒకలా ఉంటుంది, వానలు పడి గాలిలో తేమ పెరిగాక ఇంకోలా. ఏడాదికి రెండుసార్లు ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) పావు తిప్పు చాలు. ఎండలో కారు డిక్కీలో మాత్రం ఏ గిటారూ వదలొద్దు, అతుకులు వదిలేస్తాయి. నాబ్‌లు పోతే కొనేటప్పుడు జాగ్రత్త. జపాన్ పాట్ (నాబ్ కింద తిరిగే భాగం) షాఫ్ట్‌కు 18 పళ్లు, అమెరికన్‌కు 24. అమెరికన్ నాబ్ దీనికి సరిగ్గా కూర్చోదు.

ధర లెక్క నేను ఇలా వేస్తాను. మొదట జపాన్‌లో ఇదే మోడల్, ఇదే కాలానిది, మార్పులు లేనిది నిజంగా ఎంతకు అమ్ముడుపోయిందో చూడాలి. అమ్మకానికి పెట్టిన ధర చూస్తే లాభం లేదు, ఎవరైనా ఎంతైనా పెట్టుకోవచ్చు. పూర్తిగా రంగు మార్చిన గిటార్‌కు సగం ధర అనేది పాత గిటార్ల వ్యాపారంలో అందరూ పాటించే లెక్క. అక్కడి నుంచి కన్నానికి కొంత, జత తప్పిన పికప్‌కు కొంత తీసెయ్యాలి. డబ్బాలో పాత కీస్ ఉన్నాయి కాబట్టి వాటికి ఏమీ తగ్గించను. మనదేశంలో ఉన్నందుకు షిప్పింగ్, కస్టమ్స్ సుంకం, ఐజీఎస్టీ తప్పుతాయి. ఆ మిగులులో కొంత అమ్మేవాడు అడగొచ్చు, మొత్తం అడగకూడదు. ఇక్కడ గ్రెకో పేరు తెలిసి కొనేవాళ్లు ఎందరని? హైదరాబాద్, చెన్నై, బెంగళూరు వాళ్లు ఫోన్ చేస్తారు, మనవాళ్లు ఎక్కువమంది మెరిసే కొత్త ఇండోనేషియా గిటార్ వైపే పోతారు.

ఇవన్నీ కలుపుకుని ఇప్పుడు నేను అమ్మితే 40 అడుగుతాను, 35కి ఇచ్చేస్తాను. ఆ కాలపు మ్యాక్సన్ పికప్ ఇంకోటి దొరికి జత కుదిరితే మరో ఐదు కలుపుతాను. గిబ్సన్ అని చెప్పి అమ్మను, లోగో స్టిక్కర్ వేయించమని ఒకరు సలహా ఇచ్చినా వేయించలేదు.

ఇలాంటిది మీ కంటపడితే రంగు చూసి వెనక్కి తగ్గకండి. డబ్బు చేతికిచ్చే ముందు నట్ (నెక్ పైచివర తీగలు ఆనే పట్టీ) వెనక, నెక్ హెడ్‌స్టాక్‌లో కలిసేచోట వేలితో తడిమి చూడండి. మహాగని నెక్‌లు వాలుగా ఉండే ఆ చోటే విరుగుతాయి. అక్కడ రంగు కింద సన్నగా అడ్డగీత తగిలితే, అమ్మేవాళ్లు ఏ పేరు చెప్పినా, 15 వేలు దాటి మాట్లాడొద్దు.