నైలాన్ తీగల గిటారు: ఆరేళ్లు వాయించాక

ఒడిశాలో నాలుగేళ్లు రాయగడలో, రెండేళ్లు బరంపురంలో, రోజుకు గంట చొప్పున వాయించిన క్లాసికల్ గిటారు ఇది. ప్రారంభకుల కోసం చేసిన రకమే. పైపలక స్ప్రూస్ చెక్క ప్లైవుడ్, స్కేలు, అంటే మోగే తీగ పొడవు, 650 మిల్లీమీటర్లు, నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) దగ్గర మెడ వెడల్పు 52 మిల్లీమీటర్లు. 19వ శతాబ్దంలో స్పెయిన్‌లో ఆంటోనియో డి టోరెస్ స్థిరపరిచిన రూపమే చిన్నచిన్న మార్పులతో నేటికీ నడుస్తోంది. తీగలు మాత్రం అప్పట్లో జంతువుల పేగువి. 1940లలో యుద్ధం వల్ల పేగు తీగలకు కరువొచ్చినప్పుడు న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఆగస్టీన్ నైలాన్ తీగలు తయారు చేశాడు. ఈ వాయిద్యానికి ఇప్పుడున్న మెత్తని గొంతు ఆ తీగలదే.

ఆ మెత్తదనం మొదటి రోజే వినపడదు. ఎందుకంటే నాదంలో సగం పెట్టెలో ఉంటే మిగతా సగం కుడిచేతి గోళ్లలో ఉంటుంది. అరచేతి వైపు నుంచి చూస్తే గోరు వేలికొసకు పైన ఒక మిల్లీమీటరు, మహా అయితే ఒకటిన్నర కనపడాలి. అంతకు మించితే తీగకు తగులుకుంటుంది. గోటిని అడ్డంగా నరికినట్టు అరగదీయకూడదు. బొటనవేలి వైపు కాస్త తక్కువగా మొదలై అవతలి వైపుకు వాలుగా లేచేలా చేయాలి. అప్పుడు తీగ ముందు చర్మానికి, వెంటనే గోటికి తగిలి, ఆ వాలు మీదుగా జారి వదులుతుంది. 600 నంబరు వాటర్ పేపరుతో ఆకారం తెచ్చి, 2000 నంబరుతో అంచు నున్నగా చేస్తే చాలు, రెండూ ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరుకుతాయి. అంచులో కంటికి కనపడని గరుకున్నా మొదటి తీగ (అన్నిటికన్నా సన్నది) మీద సన్నని గీకుడు వినిపిస్తుంది. గిన్నెలు తోమిన వెంటనే, స్నానం చేసిన వెంటనే వాయించొద్దు. నానిన గోరు వంగుతుంది, నాదం చచ్చుగా వస్తుంది. అరగంట ఆరనివ్వాలి. పప్పన్నం కలిపే చెయ్యీ ఇదే కాబట్టి గోటికి పసుపు రంగు ఎక్కుతుంది. దానివల్ల నష్టమేమీ లేదు.

ఇక మీటే చోటు. శబ్దరంధ్రం మీద మీటితే గుండ్రని నాదం. మెడ వైపు జరిగితే ఇంకా మెత్తన, బ్రిడ్జి (పలక మీద తీగలు కట్టే చెక్క) వైపు జరిగితే సన్నన, పదును. ఒకే స్వరాన్ని ఒక చేతి వెడల్పు దూరంలో మూడు రంగుల్లో వినడం ఈ వాయిద్యం ఇచ్చే పెద్ద సుఖం. ప్లెక్ట్రమ్‌తో, అంటే మీటే చిన్న బిళ్లతో, తీగలన్నీ ఒక్కసారిగా గీసేవారికి ఇది అందదు. పైగా ఈ గిటారు పలక మీద రక్షణ ప్లాస్టిక్ ఉండదు కాబట్టి గీతలు పడతాయి.

మన సంగీతానికి ఇది పనికొస్తుందా అని బొబ్బిలి వీణ విన్నవాళ్లు తప్పకుండా అడుగుతారు. కొంతవరకు, చాలా బాగా. ఐదు శ్రుతికి, అంటే పాశ్చాత్య స్వరం జి షడ్జమం అయ్యేలా, ఆరో తీగను ఇ నుంచి డి కి, ఐదో తీగను ఎ నుంచి జి కి దించండి. ఆరో తీగ నుంచి మొదటి తీగ దాకా డి, జి, డి, జి, బి, ఇ. అంటే పంచమం, షడ్జమం, పంచమం, షడ్జమం, అంతర గాంధారం, చతుశ్శ్రుతి ధైవతం. ఆరు తీగలూ మోహన రాగంలోనివే! ఎడమచెయ్యి ముట్టకుండానే రాగం సగం పలుకుతుంది. బొటనవేలితో ఐదో తీగ, నాలుగో తీగ మార్చి మార్చి మీటుతూ పైన స్వరాలు నడిపిస్తే తంబురా పక్కన ఉన్నట్టే. రెండు శ్రుతిలో (డి షడ్జమంగా) పాడేవారికైతే ఆరో తీగ ఒక్కటీ డి కి దించితే చాలు, డి, ఎ, డి వస్తాయి. షడ్జమం, పంచమం, షడ్జమం.

గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, దగ్గరే చిక్కు. వీణ మీద ఒకే మెట్టు దగ్గర తీగ లాగి పై స్వరాలు పలికించడం మామూలు. నైలాన్‌కు సాగే గుణం ఎక్కువ కాబట్టి ఎంత లాగినా అరస్వరం పెరగడమే గొప్ప. తోడి రాగంలో ఊగే గాంధారం ఇందులో రాదు, ఆశ పెట్టుకోవద్దు. వేలిని తీగ పొడవునా ముందుకూ వెనక్కూ ఊపితే మాత్రం కంపితం (స్వరం వణుకు) చక్కగా వస్తుంది, ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారే జారు కూడా. మోహన, హంసధ్వని, శంకరాభరణంలో నడకలు నిండుగా ఉంటాయి.

తీగలు కట్టడంలో అందరూ చేసే తప్పొకటుంది. బ్రిడ్జి దగ్గర మందపు తీగలకు ఒక చుట్టు చాలు. మొదటి తీగ నున్నన, దానికి మూడు చుట్లు వేయాలి. ఆఖరి చుట్టు బ్రిడ్జి వెనక అంచు దిగువన నొక్కుకుని ఉండాలి, పైన ఉంటే జారుతుంది. జారిన తీగ కొరడాలా పలకకు తగిలి గుంట పడుతుంది. కొత్త తీగ శ్రుతి చేసేటప్పుడు బ్రిడ్జి వెనక ఒక అట్టముక్క పెట్టుకుంటే ఆ భయం లేదు. కొత్త నైలాన్ సాగుతూనే ఉంటుంది, నాలుగైదు రోజులు శ్రుతి నిలవదు. అది తీగ లోపం కాదు. మూడో తీగ మూగగా ఉందనిపిస్తే అది నిజమే, మామూలు జట్లలో అది మిల్లీమీటరు మందం ఉంటుంది. దాని బదులు కార్బన్ తీగ వేయండి. బరువైన పదార్థం కాబట్టి సన్నగా ఉంటుంది, స్పష్టంగా మోగుతుంది. లోహం చుట్టిన మూడు మందపు తీగలు రాయగడలో మూడు నెలలు బాగుంటే, బరంపురంలో దగ్గరి గోపాలపురం సముద్రపు ఉప్పుగాలికి నెలన్నరకే నల్లబడి మూగబోయాయి. వాయించాక పొడిగుడ్డతో తీగల కింద కూడా తుడిస్తే మరో రెండు వారాలు వస్తాయి.

వాన, ఎండ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా చెక్క తేమ పీల్చి పైపలక ఉబ్బుతుంది, తీగలు మెట్లకు ఎత్తుగా లేస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో చెక్క ఎండి మెట్ల కొసలు మెడ అంచున బయటికొచ్చి చేతిని గీరతాయి. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది. తేమ చూపే చిన్న మీటరు గిటారు దాచే పెట్టెలో ఉంచుకోండి. వానల్లో తేమ పీల్చే సిలికా జెల్ 50 గ్రాముల పొట్లాలు రెండు పెట్టాలి. నారింజ రంగుది తీసుకోండి, నీలం దానిలో హానిచేసే కోబాల్ట్ ఉంటుంది. తేమ పట్టాక వేడి చేసి ఆరబెట్టుకోవచ్చు, కానీ వంటపెనం మీద వద్దు, దీనికంటూ వేరే గిన్నె ఉంచండి. ఎండల్లో సబ్బుపెట్టెకు కన్నాలు పెట్టి, గట్టిగా పిండిన తడి స్పాంజి అందులో పెట్టి గిటారు పెట్టెలో మెడ కింద ఉంచితే సరిపోతుంది. నీటి చుక్క మాత్రం కారకూడదు.

పన్నెండో మెట్టు దగ్గర తీగ ఎత్తు మొదటి తీగకు 3, ఆరో తీగకు 4 మిల్లీమీటర్లు సరైన లెక్క. అక్కడ ఒక మిల్లీమీటరు తగ్గాలంటే సాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే పట్టీ) అడుగున రెండు మిల్లీమీటర్లు అరగదీయాలి. వానాకాలంలో అరగదీయొద్దు, చలికాలంలో తీగలు మెట్లకు తగిలి గరగరలాడతాయి.

కూర్చోవడం: బాసీపట్టు వేసుకుని చాప మీద వాయిస్తే ఎడమ మణికట్టు వంగిపోయి నొప్పి వస్తుంది. కుర్చీలో కూర్చుని ఎడమకాలి కింద 12 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తు పీట వేసుకోవాలి. ఆ ఎత్తున్న భోజనాల పీటైనా సరిపోతుంది.

కొనేవాళ్లు ఒకటి చూసుకోవాలి. కొన్ని దుకాణాల్లో గట్టిగా మోగాలని ఈ గిటార్లకే ఉక్కు తీగలు బిగించి వేలాడదీస్తారు. నైలాన్ తీగల మొత్తం లాగుడు సుమారు 40 కిలోలు, ఉక్కువైతే 70 కిలోల దాకా వెళుతుంది. ఆ లాగుడుకు బ్రిడ్జి వెనక అంచు పలక నుంచి లేస్తుంది. అక్కడ సన్నని కాగితం దూర్చి చూడండి. కాగితం లోపలికి వెళితే ఆ గిటారు కొనొద్దు.