కారులో మెడ దిండు: డ్రైవరు సీటుకు తగిన వస్తువేనా?

కారు యాక్సెసరీల దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ విరివిగా అమ్ముతున్న మెమరీ ఫోమ్ మెడ దిండును మా కారు డ్రైవరు సీటు హెడ్‌రెస్ట్‌కు తగిలించి, ఇంట్లో ఆ కారు నడిపే నలుగురమూ వాడి చూసిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది. దిండు ధర వెయ్యి రూపాయల లోపే. నా అభ్యంతరం ఏదో ఒక కంపెనీ పనితనం మీద కాక ఈ తరహా వస్తువు మీదే కాబట్టి బ్రాండు పేరు చెప్పడం లేదు.

వస్తువుగా చూస్తే దీనికి వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. పైతొడుగును జిప్పు తీసి ఉతుక్కోవచ్చు, ఫోమ్ నొక్కితే మెల్లగా కుంగి మెల్లగానే పైకి లేస్తుంది, హెడ్‌రెస్ట్ కడ్డీల చుట్టూ వేసే ఎలాస్టిక్ పట్టీ గట్టిగానే ఉంది. హైదరాబాదు నుంచి విజయవాడ దాకా నడిపినప్పుడు భుజాల పైభాగంలో ఎప్పుడూ ఉండే బిగుతు ఈసారి తగ్గిందన్న మాట కూడా నిజమే. కేవలం సుఖాన్ని బట్టి మార్కులు వేయమంటే అయిదుకు నాలుగు వేస్తాను.

చిక్కంతా ఆ సుఖం ఏ చోటును ఆక్రమించి వస్తున్నదన్న దగ్గర ఉంది. సిగ్నల్ దగ్గరో టోల్ ప్లాజా వరుసలోనో మన కారు ఆగి ఉన్నప్పుడు వెనక నుంచి మరో బండి గుద్దితే, సీటు మన వీపును ఒక్కసారిగా ముందుకు నెడుతుంది. తల మాత్రం తన బరువు వల్ల ఉన్నచోటే ఉండిపోతుంది. మొండెం ముందుకు పోయి తల వెనకబడిన ఆ స్వల్ప వ్యవధిలో మెడ ఎముకల వరుస ఎస్ అక్షరం ఆకారంలోకి వంగి, కింది ఎముకలు వెనక్కి, పై ఎముకలు ముందుకు మెలిపడతాయి. విప్‌లాష్ అని పిలిచే గాయం ఇలా కలుగుతుంది. బండి వేగం పెద్దగా లేకపోయినా ఇది జరగవచ్చు. తల వెనకబడకుండా వీలైనంత త్వరగా ఆపడమే హెడ్‌రెస్ట్ పని. అందుకు రెండే కొలతలు ముఖ్యం: హెడ్‌రెస్ట్ తల పైభాగానికి ఎంత దగ్గరగా లేస్తుంది, తల వెనక ఎంత ఖాళీ ఉంటుంది. అమెరికాలో బీమా సంస్థల నిధులతో నడిచే రహదారి భద్రతా సంస్థ ఐఐహెచ్‌ఎస్ హెడ్‌రెస్ట్‌లకు రేటింగ్ ఇచ్చిన రోజుల్లో, పై అంచు తల పైభాగానికి 6 సెంటీమీటర్ల కంటే కిందికి లేకుండా, ఖాళీ 7 సెంటీమీటర్లు మించకుండా ఉంటేనే ఆకృతి బాగున్నట్టు లెక్క వేసేది.

మా కారులో నేను నిటారుగా కూర్చున్నప్పుడు తల వెనక ఖాళీ స్కేలు పెట్టి కొలిస్తే 5 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంది. దిండు తగిలించి అదే భంగిమలో కొలిస్తే దాదాపు రెట్టింపయింది. దిండు ఆనుతున్నది మెడకే గాని తలకు కాదు. అంటే గుద్దిన క్షణంలో మెడ కింది భాగానికి ఆధారం ముందే అందుతుంది, తలకు మాత్రం ఆలస్యంగా అందుతుంది. మెడ ఒకచోట నిలిచి తల దాని పైనుంచి వెనక్కి వాలే అవకాశం ఇచ్చే అమరికను, ఎంత మెత్తగా ఉన్నా, నేను భద్రత అనలేను.

అయితే జనం ఈ దిండ్లు ఎందుకు కొంటున్నారో కూడా అర్థం చేసుకోవాలి. అమెరికాలో ముందు సీట్లకు హెడ్‌రెస్ట్ 1969 నుంచే తప్పనిసరి. అక్కడి ప్రభుత్వం 2004లో రాసిన కొత్త నిబంధన 2009 నుంచి దశలవారీగా అమలయింది. దాని ప్రకారం ముందు సీటు హెడ్‌రెస్ట్ కూర్చున్నవారి తుంటి కీలు దగ్గర నుంచి 800 మిల్లీమీటర్ల ఎత్తుకు లేవగలగాలి, 750కి తగ్గకూడదు, తల వెనక ఖాళీ 55 మిల్లీమీటర్లు మించకూడదు. అప్పటి నుంచి అక్కడి కార్లలో హెడ్‌రెస్ట్‌లు ముందుకు వాలి, తలను గడ్డం వైపు నెడుతున్నాయన్న ఫిర్యాదులు మొదలయ్యాయి. డల్లాస్‌లో ఉన్న మా బంధువొకరు దీనితో విసిగి హెడ్‌రెస్ట్‌ను వెనక్కి తిప్పి బిగించుకున్నారు. అది దిండు కంటే చెడ్డ పని. ఖాళీ అమాంతం పెరగడమే కాక, కడ్డీ మీద గాట్లు ఒక్క పక్కనే ఉన్న హెడ్‌రెస్ట్‌లు తిప్పి పెడితే తాళం పడవు, ఎత్తు నిలవదు.

ఆ 55 మిల్లీమీటర్లను కొలిచేది సగటు మగవాడి కొలతలున్న పరికరాన్ని సీటులో కూర్చోబెట్టి. సీటు వీపు కూడా నిర్ణీత కోణంలో, సాధారణంగా 25 డిగ్రీల దగ్గర, వాలి ఉంటుంది. నిజంగా కూర్చునే మనుషులు ఆ కొలతకు ఎంత దూరంగా ఉంటారో మా ఇంట్లోనే కనిపించింది.

నా భార్య ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. పెడల్స్ అందడానికి సీటును ముందుకు లాగి, రోడ్డు బాగా కనిపించడానికి వీపును నిటారుగా పెట్టుకుని నడుపుతుంది. హెడ్‌రెస్ట్ ఆమె తల వెనక భాగాన్ని తాకీ తాకనట్టు ఉంటుంది, జుట్టును ముడివేసి క్లిప్పు పెట్టుకున్న రోజున క్లిప్పు గుచ్చుకుని తల ముందుకు వంగిపోతుంది. దిండు వాడకంలో అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడినది ఆమే. మెడకు ఆధారం దొరకడం మాట అటుంచి, ఇంకో నాలుగు వేళ్లు స్టీరింగ్ వైపు జరగవలసి వచ్చింది. జడ వేసుకునే, ముడి పెట్టుకునే డ్రైవర్లు ఇంతమంది ఉన్న దేశంలో హెడ్‌రెస్ట్ మధ్యన చిన్న పల్లమైనా పెట్టిన సీటు నాకింతవరకు కనబడలేదు. వెనక నుంచి గుద్దే ప్రమాదాల్లో మెడ గాయాల ముప్పు మగవారి కంటే స్త్రీలకు ఎక్కువని తెలిసినా, అటువంటి ప్రమాదాల పరీక్షల్లో మనిషికి బదులు సీటులో కూర్చోబెట్టే బయోరిడ్ బొమ్మ మగవాడిదే. స్వీడన్‌లో పరిశోధకురాలు ఆస్ట్రిడ్ లిండర్ బృందం 162 సెంటీమీటర్ల ఎత్తు, 62 కిలోల బరువు ఉన్న సగటు స్త్రీ బొమ్మను తయారు చేసింది 2022 ప్రాంతానికి గాని కాదు.

నాన్నగారి సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. వయసు మీద పడి వీపు పైభాగం వంగింది. సీటుకు భుజాలు ఆనినా తల ఎంతో ముందుంటుంది, వెనక ఖాళీ ఒక జానెడు. హెడ్‌రెస్ట్ తనను ఏనాడూ ఇబ్బంది పెట్టలేదని ఆయన అంటారు. తలకు తాకనిది ఇబ్బంది ఎలా పెడుతుంది? ఆయనకు మాత్రం దిండు నచ్చింది, తీయనివ్వలేదు కూడా. బావమరిది ఆరడుగుల పైన ఒక అంగుళం ఉంటాడు. హెడ్‌రెస్ట్‌ను చివరి గాటు దాకా లేపితే పై అంచు చెవుల పైభాగానికి వస్తుంది. అలా లేపగానే కడ్డీలకు కట్టిన దిండు కూడా చోటు మారి మెడను వదిలి తల కింది భాగానికి చేరింది, సుఖమూ పోయింది. నేను మామూలుగా సీటును బాగా వాల్చి నడుపుతాను. ఆ భంగిమలో దిండు హాయిగా ఉన్న మాట నిజం. కాని దిండు తీసి కొలిస్తే తల వెనక ఖాళీ 10 సెంటీమీటర్ల పైమాటే.

నలుగురినీ కలిపి చూస్తే తేలినది ఇది: హెడ్‌రెస్ట్ నెడుతున్నదని విసుక్కునేవారికే అది ఆదుకునేంత దగ్గరలో ఉంది, దాని ఊసే ఎత్తని నాన్నగారికీ, వాలి కూర్చునే నాకూ అది అందనంత దూరంలో ఉంది. సుఖాన్నే గుర్తుగా పెట్టుకుని సీటు సర్దుకుంటే భద్రత తలకిందులవుతుంది.

నిటారుగా కూర్చునేవారి ఇబ్బందికి మందు చాలావరకు సీటు వీపు కోణంలోనే ఉంది. సీటు మడత నుంచి హెడ్‌రెస్ట్ 70 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే, వీపును ఒక్క డిగ్రీ వాల్చగానే అది దాదాపు 12 మిల్లీమీటర్లు వెనక్కి పోతుంది. తల అంత పోదు, ఎందుకంటే చూపు రోడ్డు మీద నిలపడానికి మెడను మనమే కాస్త ముందుకు తెచ్చుకుంటాం. అందువల్ల రెండు మూడు డిగ్రీలతోనే మెడకు తెరిపి దొరుకుతుంది. నా భార్యకు వీపు రెండు గాట్లు వాల్చి, చేతులకు అందేలా స్టీరింగ్‌ను కిందికి దించి, ముడిని కాస్త కిందికి వేసుకుంటే సరిపోయింది. అదే లెక్కన నాలాంటివారు వాలును తగ్గించుకోవాలి. నడుముకు పెట్టుకునే దిండ్ల విషయంలో ఒక జాగ్రత్త అవసరం: పలచనిదైతే ఫరవాలేదు గాని, లావుపాటి దిండో పూసల చాపో వీపంతటినీ ముందుకు తెస్తే తల కూడా దానితో పాటే హెడ్‌రెస్ట్‌కు దూరమవుతుంది. నాన్నగారి వంటివారికి ఈ సర్దుబాట్లేవీ చాలవు. ముందుకూ వెనక్కీ కూడా జరిగే హెడ్‌రెస్ట్ ఉన్న సీటే కావాలి. మన దగ్గర అటువంటివి ఖరీదైన మోడళ్లలో తప్ప అరుదు.

ప్రమాదంలో అద్దం పగలగొట్టుకోవడానికే హెడ్‌రెస్ట్ ఊడివచ్చేలా చేశారన్న వాట్సాప్ సందేశం నాకు ఏటా ఎవరో ఒకరు పంపుతుంటారు. అది ఊడిరావడం ఎత్తు సర్దే కడ్డీల అమరిక వల్లనే, దానికి వేరే రహస్యం లేదు. వెనక కూర్చున్నవారికి ముందు బాగా కనబడాలని దాన్ని తీసి డిక్కీలో పడేసేవారిని చూస్తేనే నాకు భయం.

కార్లను గుద్దించి చూసి భద్రతకు నక్షత్రాలిచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2009 నుంచి తన లెక్కలో మెడ గాయాల పరీక్షను చేర్చింది. 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ ముందు నుంచి, పక్క నుంచి గుద్దించి చూస్తుంది గాని, వెనక దెబ్బకు మెడ ఏమవుతుందో ఆ నక్షత్రాలు చెప్పవు. కాబట్టి ఈ ఒక్క విషయంలో కొనేవారే షోరూములో పరీక్షకులు కావాలి. ఇంట్లో కారు నడిపే ప్రతి ఒక్కరూ, రోజూ వేసుకునే జడతోనో ముడితోనో, తాము నడిపే భంగిమలోనే కూర్చుని, పక్కనున్నవారి చేత తల వెనక ఖాళీని కొలిపించుకోవాలి. సీటుతో కలిసిపోయి కదలని హెడ్‌రెస్ట్ ఉన్న వేరియంటైతే ఇంట్లో అందరికంటే పొడవైనవారిని ముందుగా కూర్చోబెట్టాలి.

మెడ దిండుకు డ్రైవరు సీటులో భద్రత కింద నేను అయిదుకు ఒకటే ఇస్తున్నాను. పక్క సీటులో ప్రయాణించేవారి మెడకూ ఇదే వర్తిస్తుంది. బండి ఆపి ధాబా ముందు అరగంట కునుకు తీయడానికైతే వెయ్యి రూపాయల లోపు ఇది చక్కని వస్తువు.